గుంటూరు నుంచి కబురు

అమ్మ అన్నం మానేసిన రోజున మా డాబా మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కింటి రైతుకి కళ్ళంలో చోటు చాలక మా డాబా అడిగి, పట్టాలు పరిచి పోసుకున్నాడు. ఎండెక్కితే ఘాటు మెట్ల మీదుగా ఇంట్లోకి దిగేది. నా భార్య దగ్గుకుంటూనే అమ్మ మంచం పక్కన కూర్చుని ఇడ్లీ ముక్క పాలలో నానబెట్టి నోటికి అందించింది. అమ్మ పెదాలు బిగించి తల పక్కకి తిప్పుకుంది.

"ఉపవాసం" అంది.

మేమిద్దరం నవ్వుకున్నాం. అప్పుడే శ్రమకాలం మొదలైంది. ఈస్టరుకు ముందు వచ్చే ఆ రోజుల్లో మా పల్లెలో సాయంత్రాలు ఇంటింటా ప్రార్థన కూడికలు ఉంటాయి. ఎక్కడ కూడిక, ఎవరు వాక్యం చెబుతారు అన్నది పొద్దున్నే చర్చి మైకులో చెబుతారు. అమ్మకి చెవులు బాగానే వినిపించేవి. మతి మాత్రం చెదిరిపోయింది. నన్ను ఒక్కోసారి కొడుకనుకునేది, ఒక్కోసారి కాంపౌండరనుకునేది. మైకులో ఉపవాస ప్రార్థన అన్న మాట చెవిన పడి పాత అలవాటు లేచిందనుకున్నాం.

"మధ్యాహ్నానికి మర్చిపోద్దిలే, తింటది" అంది నా భార్య.

మధ్యాహ్నం తినలేదు. సాయంత్రమూ తినలేదు. నీళ్ళు మాత్రం అడిగి తాగింది. నాకు రోజూ డైరీ రాసే అలవాటు. సాగరు కాలవల మీద ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి రాయడం నా పని. రిటైరయ్యాక ఆ అలవాటు ఇంటి మీదికి మళ్ళింది. ఆ రోజు పేజీలో "అమ్మ ఉపవాసం. నీళ్ళు తీసుకుంది" అని రాసి ఊరుకున్నాను. అందులో భయపడాల్సింది ఏమీ కనిపించలేదు.

మా ఊరు దర్శికీ అద్దంకికీ మధ్య ఉంటుంది. అమ్మ కూలి ఇంట పుట్టింది, పాలేరు ఇంట మెట్టింది. పొగాకు కాల్చే బ్యారన్లలో ఆకు వేరుచేయడానికి, పత్తి తీతకి, మిరప కోతకి జీవితమంతా తిరిగింది. చర్చిలో సాయంత్రం బడి పెట్టినప్పుడు నన్ను చంకనేసుకుని వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. చదవడం పట్టుబడ్డాక సంఘం ఆమెను బైబిలు స్త్రీగా పెట్టుకుంది. అంటే ఇల్లిల్లూ తిరిగి, చదువు రాని ఆడవాళ్ళకి వాక్యం చదివి వినిపించి, వాళ్ళ కష్టం విని, ప్రార్థన చేసి రావడం. అందుకని కూలి మానలేదు. పగలు చేలో, పొద్దు వాలాక సంఘం పనిలో.

మిరప కోతల రోజుల్లో అమ్మ చేతులు భగభగ మండేవి. ఇంటికి రాగానే చేతులు మజ్జిగలో ముంచుకుని అరుగు మీద కూర్చునేది. ఆ రోజుల్లో మా ముఖాలు ముట్టేది కాదు. ఒళ్ళు వెచ్చబడిందేమో చూడాలంటే మోచేయి మా నుదుటికి ఆనించేది. ఆ మోచేయి మా తోబుట్టువులు నలుగురికే కాదు, పేటలో పిల్లలందరికీ తెలుసు. ఏ ఇంట్లో పిల్లకి ఒళ్ళు కాలినా, "మామ్మని పిలవండి, మోచెయ్యి పెట్టి చూస్తది" అనేవాళ్ళు.

మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తారు. అది దేవుడి భాగం. వారం తిరిగేసరికి అమ్మ సంచి పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ఆ బియ్యం పోగుచేసేది. దారిలోనే బాలింత ఉన్న ఇంట్లో కొంత, మంచం పట్టినవాళ్ళ ఇంట్లో కొంత పోసి, మిగిలింది చర్చికి అప్పగించేది. ఒక అయ్యగారు, అంటే అప్పటి మా పాస్టరుగారు, ఇది పద్ధతి కాదన్నారట. ముందు చర్చికి చేరాలి, తర్వాతే పంపకం అన్నారట.

"దేవుడికి కడుపు లేదండి అయ్యగారూ. కడుపున్నోళ్ళకి పోసొస్తన్నా" అందట అమ్మ.

పేటలో ఆడమనిషి పోతే స్నానం చేయించి చీర కట్టేది కూడా అమ్మే. కానీ ఆమె తన పనులన్నిటిలోకీ పెద్దదిగా తలచింది ఉపవాసాన్ని. ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చి ఆసుపత్రికి తీసుకుపోతే, అమ్మతో పాటు కొందరు ఆడవాళ్ళు చర్చిలో చాప పరుచుకుని కూర్చునేవారు. నీళ్ళు తప్ప ఏదీ ముట్టేవారు కాదు. కబురు వచ్చేదాకా లేచేవారు కాదు. మంచి కబురు వస్తే ఆ ఇంటి తల్లి గంజి కాచి తెచ్చి తన చేత్తో వాళ్ళ నోటికి అందించాలి. ఆ ఇంటి గంజి పడితేనే ఉపవాసం విడిచినట్టు. బైబిల్లో ఇలా రాసి లేదు. మా పేట ఆడవాళ్ళు తమకు తాము పెట్టుకున్న కట్టు ఇది. అమ్మ దాన్ని ఎన్నడూ తప్పలేదు.

ఆదివారం నాటికి కూడా అమ్మ తినలేదు. నేను చర్చిలో మాట వరసకి ఈ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కొత్తగా వచ్చిన అయ్యగారు కుర్రవాడు, మంచివాడు. ప్రసంగం మధ్యలో ఆగి, "మన సంఘంలో తొంభై దాటిన తల్లి ఉపవాసంలో ఉంది, మనమేమో ఆదివారం బిర్యానీ గురించి ఆలోచిస్తున్నాం" అన్నారు. చప్పట్లు మోగాయి. ఆరాధన కాగానే ఆడవాళ్ళు మా ఇంటికి వరస కట్టారు. అమ్మ చేయి తీసి తమ నెత్తిన పెట్టుకున్నారు. ఒకామె చంటిదాన్ని తెచ్చి అమ్మ ఒళ్ళో పడుకోబెట్టింది. మిరపకాయలు పోసుకున్న రైతు హిందువు, ఆయన కూడా చెప్పులు విడిచి వచ్చి దండం పెట్టుకుని పోయాడు. ఇల్లు పండగలా ఉంది. మంచంలో అమ్మ ఎండిపోతోంది. మేం అందరికీ టీలు ఇస్తున్నాం.

ఆ సాయంత్రం అమ్మను పక్కకి తిప్పబోతే వీపు చర్మం నా వేళ్ళ మధ్య మడత పడి, మడత పడినట్టే ఉండిపోయింది. అప్పుడు భయం వేసింది. అద్దంకి నుంచి డాక్టరుని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన నాడి చూసి, బీపీ చూసి, నన్ను వసారాలోకి పిలిచాడు.

"ఉపవాసమేందండీ, ఈ వయసులో? ఎట్టాగోట్టా తినిపించండి. లేకపోతే వారం కూడా కష్టం."

నా భార్య లోపలికి వెళ్ళి అమ్మ చెవి దగ్గర వంగింది.

"అత్తమ్మా, ఎవరి కోసం ఈ ఉపవాసం?"

అమ్మ ఒక పేరు చెప్పింది. చిన్న పిల్ల పేరు. "మెదడు జొరం. గుంటూరు తీసకపోయారు. కబురు రాలా" అంది.

నా భార్యకి అర్థం కాలేదు. ఆమె కాపురానికి రాకముందు సంగతి అది. నాకు వెంటనే తెలిసింది. ఆ పాప మా వీధి చివర ఇంట్లో ఉండేది. నేను అప్పుడే కాలవ పనిలో చేరాను. మెదడువాపు జ్వరం అని పిల్లను గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. అమ్మ వాళ్ళు చర్చిలో కూర్చున్నారు. పాప బతకలేదు. మార్కెట్ యార్డులో మిరపకాయలు దించి ఖాళీగా వస్తున్న లారీలో తండ్రి పిల్లను ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. లారీ తొట్టిలో ఇంకా మిరప దుమ్ము ఉంది. దించుకోవడానికి ఎక్కినవాళ్ళందరూ తుమ్ముతూ దగ్గుతూ ఏడ్చారు. ఎవరి కళ్ళు దేనికి నీళ్ళు కారుతున్నాయో తెలియకుండా ఉంది ఆ వీధి.

అమ్మ జీవితంలో ఎన్నో ఉపవాసాలు. బతికి వచ్చినవాళ్ళు చాలామంది. మా పెద్ద చెల్లెలి కాన్పు అప్పుడు కూడా కూర్చుంది. అన్నిటిలో ఆ పాపే ఎందుకు మిగిలిందో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తేలలేదు.

మర్నాడు అయ్యగారిని పిలిపించాను. ఆయన చాలాసేపు ప్రార్థన చేసి, "దేవుడు నీ ఉపవాసం అంగీకరించాడు తల్లీ, ఇక విడువు" అని బత్తాయి రసం గ్లాసు అందించారు.

"గంజి ఏది?" అంది అమ్మ.

"రసం తాగు తల్లీ, బలం."

"ఎవరయ్యా నువ్వు? ఆ ఇంటి గంజి ఏది?"

అయ్యగారు నా వైపు చూశారు. నేను కట్టు సంగతి చెప్పాను. "అయితే గంజి ఇద్దామండీ, అంతే కదా" అన్నారు. అంతే కదా అని నేనూ అనుకున్నాను. నా భార్య జొన్న గంజి కాచింది. తీసుకెళ్ళి, "ఆ ఇంటినుంచి వచ్చింది అత్తమ్మా" అంది. అమ్మ గిన్నె పట్టుకుని దాని అంచు వేలితో తడిమింది.

"ఇది మన గిన్నె" అంది.

నా భార్య వంటింట్లోకి వచ్చి కూలబడింది. "కన్న కొడుకుని కాంపౌండరు అంటది. చొట్టపడిన గిన్నెని మాత్రం గుర్తుపట్టుద్ది. ఏం మతి అండీ ఇది?" అని ఏడుస్తూనే నవ్వింది. మళ్ళీ లేచి పక్కింటి గిన్నె అడిగి తెచ్చి అందులో పోసి పట్టుకెళ్ళింది. అమ్మ ఈసారి గిన్నె చూడలేదు. గుమ్మం వైపు చూసింది.

"తల్లి ఏది? తల్లి రాకుండా గంజి వచ్చిద్దా?"

ఆ తల్లి బతికే ఉంది. నాకంటే కాస్త పెద్దది, నేను అక్కా అంటాను. భర్త పోయాక అద్దంకిలో చిన్న కొడుకు దగ్గర ఉంటోంది. ఫోన్ చేశాను. ఏం అడగాలో ముందు కాగితం మీద రాసుకుని మరీ చేశాను. అంత చేసినా మాట తడబడింది.

"పాప బాగుందని ఒక్క మాట చెప్పక్కా. అమ్మ తింటది. అంతే."

అవతల పొయ్యి మీంచి ఏదో దించిన చప్పుడైంది. తర్వాత, "పెద్దమ్మ కోసం గదా. చెప్తాలే తమ్ముడూ" అంది.

మర్నాడు పదింటి బస్సుకి దిగింది. స్టీలు క్యానులో గంజి కాచి తెచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ నన్ను చూసి, "ఏంది, డైరీ చంకలో పెట్టుకుని తిరుగుతన్నావు? కాలవ నీళ్ళు కొలిచినట్టు మీ అమ్మ తాగే నీళ్ళు గూడా కొలుస్తన్నావా?" అంది. కొలుస్తున్నాను. గ్లాసు మీద గీత కూడా పెట్టాను.

మంచం దగ్గరకు వెళ్ళింది. అమ్మ ఆమెను చూసిన చూపు నేను చాలా నెలల తర్వాత చూశాను. మనిషిని గుర్తుపట్టిన చూపు. ఆమె ముసలిదైపోయిన సంగతి అమ్మకి అడ్డు రాలేదు.

"వచ్చావా అమ్మాయ్. ఎట్టా ఉంది పిల్ల?"

అక్క నోరు తెరిచింది. క్యాను మూత తీయబోయిన చెయ్యి ఆగిపోయింది. నేను తల ఊపుతూనే ఉన్నాను, చెప్పు చెప్పు అన్నట్టు.

"పోయింది పెద్దమ్మా" అంది. "నా బిడ్డ పోయింది."

నేను గోడకి ఆనుకున్నాను. అయిపోయింది అనుకున్నాను. అమ్మ గుండె ఆగిపోతుందనుకున్నాను. అమ్మ మోచేతుల మీద లేవబోయింది. నా భార్య వీపు వెనక దిండు పెట్టింది.

"స్నానం చేపించారా?"

"చేపించారు."

"ఎత్తారా?"

"ఎత్తారు పెద్దమ్మా. అంతా అయింది."

అమ్మ ఏడ్చింది. కన్నీళ్ళు రావడానికి ఒంట్లో నీళ్ళు లేవు, ముఖమంతా ముడుచుకుంది. తర్వాత ఆమె గడ్డం పట్టుకుని, "నువ్వేమన్నా తిన్నావా?" అని అడిగింది. అక్క తల అడ్డంగా ఊపింది. అమ్మ క్యాను కోసం చెయ్యి చాపింది.

చావు ఇంట్లో తల్లి చేత ముద్ద తినిపించడం అమ్మ ఎలా చేసేదో నేను చిన్నప్పుడు చూశాను. తినమని చెప్పేది కాదు. ముందు తను ఒక ముద్ద తిని, రెండోది వాళ్ళ నోటికి పెట్టేది. అదే చేసింది. గంజి తను ఒక గుక్క తాగి, అక్క నోటికి అందించింది. మళ్ళీ తను ఒకటి, మళ్ళీ ఆమెకి. క్యానులో సగం పైన అయిపోయింది. అక్క మింగుతూ ఏడుస్తోంది. నా భార్య తలుపు చాటున ప్రభువా ప్రభువా అంటోంది. నాకు మాత్రం కలిగింది సంతోషం. ఆమె దుఃఖం ఎదురుగా ఉండగానే, అమ్మకి గంజి మింగుడు పడడం చూసి, ఒళ్ళంతా సంతోషం.

మరునాడు పొద్దున అమ్మ కళ్ళు తెరిచి, "గుంటూరు నుంచి కబురొచ్చిందా?" అంది. ఇడ్లీకి పెదాలు బిగించింది.

మళ్ళీ ఫోన్ చేశాను. అక్క మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు, మళ్ళీ అమ్మ మొదటిసారి విన్నట్టే విలవిలలాడింది, మళ్ళీ తాగి తాగించింది. ఆ తర్వాతి రోజూ అంతే. డాక్టరు వచ్చి నాడి బాగుపడిందన్నాడు. పదింటి బస్సు చప్పుడు వినిపించగానే నా భార్య పక్క దులిపి, దిండు సర్ది, అంతా సిద్ధం చేసేది. అక్కని బస్సు దగ్గర దింపి వచ్చేటప్పుడు నేను ఆమె ముఖం చూసేవాడిని కాదు. రేపటి సంగతి అడగడానికి మాటలు వెతుక్కునేవాడిని. రెండుసార్లు ఆమె చిన్న కొడుకు ఫోన్ చేశాడు. "మా అమ్మ ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడట్లా మావయ్యా. ఏం జరుగుతంది అక్కడ?" అని అడిగాడు. అమ్మకి బాగాలేదు, తోడుగా వస్తోంది అన్నాను.

ఆ వారం చివర్లో ఒక రోజు అక్క వచ్చి కూర్చుంది. అమ్మ అడిగింది. అక్క చెప్పింది, "పోయింది పెద్దమ్మా."

అమ్మ లేవలేదు. ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు ఆ తల్లివి కాదు" అంది. "బిడ్డ పోయిన తల్లి ఇట్టా చెప్పిద్దా? ఎవరు పంపించారు నిన్ను?"

గంజి ముట్టలేదు. అక్క క్యాను మూత పెట్టుకుని వసారాలోకి వచ్చింది. నేను వెనకే వెళ్ళాను.

"ఒక్కసారి మళ్ళీ చెప్పక్కా. కాస్త గట్టిగా..."

"ఏందయ్యా గట్టిగా?" అని నా మీదికి తిరిగింది. "ఏడవమంటావా? రాలా. నాకు ఏడుపు రాలా ఇయ్యాల. ఇన్నేళ్ళూ ఆ మాట నేను నోటితో అనలా. నా మొగుడితో గూడా అనలా. లోపల పెట్టుకుని బతికా. రోజూ బస్సెక్కొచ్చి చెప్తంటే అది అరిగిపోయింది. టికెట్టు టికెట్టు అని కండక్టరు అంటాడే, అట్టా అన్నా ఇందాక, నా బిడ్డ పోయిందని. మీ అమ్మకి మతి లేదంటన్నారు. మతి లేని మనిషే కనిపెట్టింది."

నేను చేతులు జోడించాను.

"మీ అమ్మని బతికించుకోడానికి రోజూ నా బిడ్డని చంపుకోమంటన్నావు తమ్ముడూ. నా వల్ల గాదు."

ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. క్యాను అరుగు మీదే మర్చిపోయింది.

ఆ తర్వాత రోజులు నాకు వరసగా గుర్తు లేవు. వరస తప్పకుండా రాసుకునే నాకు ఆ రోజుల పేజీలు ఖాళీగా ఉన్నాయి. అమ్మను అద్దంకి ఆసుపత్రిలో చేర్చాం. ముక్కులోంచి గొట్టం వేశారు. అమ్మ పీకేసింది. మళ్ళీ వేసి, పీకకుండా చేతులకి గాజుగుడ్డ చుట్టి మంచం ఊచలకి కట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు, నేనే సంతకం పెట్టాను. గొట్టంలో పాలు పోస్తుంటే అమ్మ కళ్ళు మూసుకుని, "తప్పిపోయింది ప్రభువా, నా ఉపవాసం తప్పిపోయింది, పిల్లకేం చేయొద్దు" అని గొణుక్కుంటోంది. తన కడుపులో పడ్డ పాల వల్ల ఆ పిల్ల చస్తుందని ఆమె భయం. కట్టిన చేతులు జోడించడానికి లాక్కుంటోంది. మణికట్లు కమిలాయి.

రెండో రోజు నేను కట్లు విప్పించి ఇంటికి తెచ్చాను. నా భార్య ఊరుకోలేదు.

"మీ అమ్మని మీరే ఎండగట్టి చంపుతారా? గొట్టం ఉంటే ఇంకో నెలన్నా ఉంటది గదా!"

"ఉంటది" అన్నాను.

"మరి?"

అమ్మ మణికట్లకి కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాను. మా తమ్ముడూ చెల్లెళ్ళూ ఫోనులో ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. అందరూ సరిగ్గానే అన్నారు. అయ్యగారు వచ్చి, దేవుని చిత్తం అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశారు. ఆయన కూడా ఏడ్చారు. నేను ఎంతోకాలంగా చర్చికి అలవాటుగా వెళుతున్నవాణ్ణే తప్ప గట్టిగా ఏదీ అడిగినవాణ్ణి కాదు. ఆ రోజు అమ్మ మంచం పక్కన చాప పరుచుకుని మోకరించాను. ఏం అడగాలో తెలియలేదు. పోయిన పిల్లను బతికించమనా? బతికున్న అమ్మ చేత తినిపించమనా? మోకాళ్ళు నొప్పిపుట్టేదాకా ఉండి లేచాను. ఇక తినమని అడగడం మానేశాం. నీళ్ళు మాత్రం దూదితో పెదాలకు అద్దుతూ వచ్చాం.

అమ్మ పోవడానికి ముందు రోజు అక్క వచ్చింది. ఎవరూ పిలవలేదు. నా భార్య కంగారుపడి, "వదినా, మళ్ళీ చెప్పొద్దు, ఇప్పుడు తట్టుకోలేదు" అంది.

"ఏమీ చెప్పను. గంజి తేలా చూడు" అని చేతులు చూపించింది. "ఇంట్లో కాలు నిలవలా. వచ్చా."

అమ్మ గొంతు అప్పటికి బాగా సన్నబడింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. చెవి దగ్గర పెడితేనే తెలుస్తుంది. అక్క మంచం పట్టె మీద తల ఆనించి వింది. పాప పేరు పెట్టి అడుగుతోంది అమ్మ. ఆ బిడ్డ కళ్ళు తెరవాలి. ఆ బిడ్డను నడిపించుకుంటూ తేవాలి. తల్లి కడుపు కాలనీయొద్దు.

"పెద్దమ్మా" అంది అక్క. "ఎవరా పిల్ల?"

అమ్మ కళ్ళు సగం తెరిచింది. ఆమెను గుర్తుపట్టలేదు. పరాయి మనిషికి చెప్పినట్టు చెప్పింది.

"మా వీధిలో పిల్ల. రెండు జడలేసుకుంటది. ముందు పళ్ళు రెండూ ఊడినయి. నవ్వితే చెయ్యడ్డం పెట్టుకుంటది, సిగ్గు."

అక్క అదిరిపడింది. నా వైపు తిరిగి, "ముందు పళ్ళు ఊడినయ్యి తమ్ముడూ. అప్పుడే ఊడినయ్యి. నేను మర్చిపోయా. ఫోటోలో నోరు మూసుకుని ఉంటది గదా, నాకు అట్టానే గుర్తుండిపోయింది. చెయ్యడ్డం పెట్టుకునేది" అంది. తన చెయ్యి తన నోటికి అడ్డం పెట్టుకుని చూపించింది, అలాగే ఉంచుకుంది.

మళ్ళీ అమ్మ వైపు వంగింది.

"ఇప్పుడు యాడుంది పెద్దమ్మా?"

"గుంటూరులో. ఉంది. వస్తది. నువ్వు కూర్చో. కూర్చుని అడుగు."

అక్క కొంగు నెత్తిన కప్పుకుని చాప మీద కూర్చుంది. డాబా మీద నుంచి రైతు, "మబ్బు పడతంది, పట్టాలు లాగండ్రా" అని కేకలు పెడుతున్నాడు. మెట్ల మీద ఒకటే పరుగులు. ఘాటుకి నేను దగ్గుతున్నాను. అక్క కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, తన బిడ్డను బతికించమని అడుగుతోంది.

మధ్యాహ్నం దాటింది. నా భార్య పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చి ఆమె ముందు పెట్టింది.

"పొద్దున ఎప్పుడు తిన్నావో ఏమో, లే వదినా, రెండు ముద్దలు తిను."

అక్క కళ్ళు తెరవకుండానే పళ్ళేన్ని చేత్తో పక్కకి జరిపింది.

"వద్దమ్మాయ్. కబురు రానీ."

నా భార్య పళ్ళెం లోపలికి తీసుకెళ్ళి మూత పెట్టింది. తర్వాత తనూ వచ్చి చాప మీద కూర్చుంది.